మామిడి లారీ మాస్టర్ ప్లాన్

హైదరాబాద్ ఎటు పెరుగుతుందో తేల్చడానికి కన్సల్టెంట్లు, ఉపగ్రహ చిత్రాలు దండగ. పండ్ల మార్కెట్‌ను ఎటు తరిమారో చూస్తే చాలు.

1935లో ఏడో నిజాం రెండో కొడుకు మొజం జా పేరిట అబిడ్స్ పక్కన రాతి మార్కెట్ వెలిసింది. నగరాభివృద్ధి మండలి అధ్యక్షుడూ ఆయనే కనుక పేరు కోసం ఎవరూ పెద్దగా వెతుక్కోనక్కర్లేకపోయింది. అక్కడ పండ్ల బేరం దశాబ్దాలు సాగాక ట్రాఫిక్ అడ్డమొచ్చింది. 1980లలో మండీని ఊరవతల గడ్డిఅన్నారానికి పంపారు. చూస్తుండగానే గడ్డిఅన్నారం ఊరి నడుమకొచ్చేసింది. మళ్లీ అదే నేరం, అదే శిక్ష. 2020 వేసవిలో మండీని ఇంకా అవతల ఉన్న కోహెడకు తోలితే గాలివానకు షెడ్లు కూలాయి. 2021లో ఔటర్ రింగు రోడ్డు దాటించి, బాటసింగారం లాజిస్టిక్స్ పార్కులో దించారు. గడ్డిఅన్నారం జాగా పెద్దాసుపత్రికి పోయింది.

బాటసింగారం మకాం తాత్కాలికమేనన్నారు. ఆ మాట విన్నాకే చుట్టుపక్కలవాళ్లు ధైర్యంగా స్లాబులు పోసుకుని ఉంటారు. మండీ వస్తే పల్లె పల్లెగా ఎలా ఉంటుంది? తెల్లవారుజామున లారీ దించే హమాలీకి చాయ్ కావాలి. డ్రైవరుకు పంచర్ షాపు కావాలి. కమీషన్ ఏజెంటుకు బ్యాంకు కావాలి. అమ్మకపు చీటీ తక్‌పట్టీలో కోతలన్నీ పోగా ఏమైనా మిగిలితే రైతుకు ప్లేటు బిర్యానీ కావాలి. ఇంతమంది ఒకచోట చేరాక ఎవడో ఒకడికి ప్లాట్లు అమ్మాలన్న ఆలోచన రాకుండా ఉంటుందా? బ్రోచర్లో పల్లెగాలి, రేటులో పట్నం. నల్లగొండ బత్తాయి టన్నుల్లో దిగినా ధర కోసం వేలంపాటగాడి నోటివంకే చూస్తుంది. మార్కెట్ పక్కనున్న బీడుభూమి మాత్రం పంట పండకుండానే రేటు పలుకుతుంది.

ఆ పాత రాతి మార్కెట్ మొజంజాహీకి 2020లో మంచి రోజులొచ్చాయి. రాయి కడిగారు, దీపాలు పెట్టారు, సెల్ఫీలకు జనం వస్తున్నారు. పండు కావాలంటే సీతాఫలం ఐస్‌క్రీమ్ కప్పులో వెతుక్కోవచ్చు. తెచ్చిన రైతును వెళ్లగొట్టిన తర్వాతే కట్టడానికి వారసత్వ హోదా దక్కడం మన మర్యాద.

ఇప్పుడు మళ్లీ కోహెడ. శాశ్వత మార్కెట్టట, స్థలం కూడా చూపించారు. అక్కడ ప్లాటు కొనబోయే పెద్దలకు ఒక విన్నపం. ఇల్లు కట్టుకున్న మరుసటి ఏడాదే ‘ఈ మామిడి లారీలతో చస్తున్నాం’ అని కలెక్టరుకు అర్జీ పెట్టండి. మార్కెట్ ఇంకో ఊరికి కదులుతుంది, మీ గజం ధర ఎగబాకుతుంది. ఆ ఊరేదో ముందే కనుక్కుని అక్కడా ఒక ప్లాటు రాయించుకోవడం మరవకండి.