మనోభావాలు దెబ్బతినాలంటే

మనోభావాలు ఊరికే దెబ్బతినవు. దానికీ ఓ పద్ధతుంది. కొత్తగా ఈ రంగంలోకి దిగేవారు మానుకోవలసింది ఒక్కటే: జోకు వినడం. వింటే పొరపాటున నవ్వొచ్చే ప్రమాదముంది.

ఈ విద్యలో ఇండోర్‌ది గురుస్థానం. 2021 జనవరి 1న అక్కడి ఓ కెఫేలో కమెడియన్ మునావర్ ఫారూఖీ షో సరిగా మొదలవకముందే కొందరు స్టేజీ ఎక్కారు. వాళ్ల మనోభావాలు ఇంటి దగ్గరే దెబ్బతిని వచ్చాయి. దేవుళ్లను కించపరిచారనడానికి సాక్ష్యం దొరకలేదని స్థానిక పోలీసు అధికారే చెప్పారు. అయినా అరెస్టయిన ఫారూఖీ సుప్రీంకోర్టు బెయిలిచ్చాక జైలు గేటు దాటేసరికి 37 రోజులైంది. వేయని జోకుకి ఇంత గిట్టుబాటు మరెక్కడా లేదు.

చట్టం సంగతికొస్తే, మత మనోభావాల కోసం 1927లో తెల్లదొరలు పెట్టిన సెక్షన్ 295-ఎ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 299. మూడేళ్ల దాకా జైలు. కావాలని, దురుద్దేశంతో అన్న మాటకే అది వర్తిస్తుందని 1957లోనే సుప్రీంకోర్టు తేల్చింది గానీ, ఫిర్యాదు రాసేవారు అంత దూరం చదవక్కర్లేదు.

కాగితాలు విసుగనిపిస్తే కుర్చీలున్నాయి. కునాల్ కామ్రా ఓ హిందీ సినిమా పాటకు పేరడీ కట్టి, పేరెత్తకుండానే మహారాష్ట్ర ఉపముఖ్యమంత్రి ఏక్‌నాథ్ షిండేకు చురక వేశారు. 2025 మార్చి 23 రాత్రి శివసేన కార్యకర్తలు ముంబయి ఖార్‌లోని హ్యాబిటాట్ స్టూడియోలో దొరికిన కుర్చీనల్లా విరగ్గొట్టారు. కామ్రా అక్కడ లేరు. మర్నాడు మున్సిపల్ సిబ్బంది సుత్తులతో వచ్చి, అక్రమ నిర్మాణమంటూ మిగతా పని కానిచ్చారు. పాడినాయన తమిళనాడులో, దెబ్బలు గోడలకి! పోలీసులైతే పదేళ్లుగా తాను ఉండని ఇంటికి వెళ్లారని కామ్రాయే ఎద్దేవా చేశారు.

ఒక జాగ్రత్త. కనపడ్డ ప్రతిదానికీ దెబ్బతినకూడదు. టీవీ స్కిట్లలో లావు మీద, నలుపు మీద, బట్టతల మీద ఏళ్ల తరబడి జోకులు పేలుతూనే ఉన్నాయి. ఇంటిల్లిపాదీ పగలబడి నవ్వుతుంటే ఆ గదిలోనే ఓ చామనచాయ పిల్ల తల వంచుకుని ఫోను చూసుకుంటుంది. ఆమె వెనక జెండా లేదు కాబట్టి అది లెక్కలోకి రాదు.

హైదరాబాద్ పాఠం కాస్త కఠినం. 2022 ఆగస్టు 20న శిల్పకళావేదికలో ఫారూఖీ షో. సెట్టు తగలబెడతానన్న ఎమ్మెల్యే రాజాసింగ్‌ను ముందురోజే అదుపులోకి తీసుకున్నారు. భారీ బందోబస్తు నడుమ షో సాగిపోయింది. తర్వాత రాజాసింగ్ విడుదల చేసిన వీడియోతో అవతలివైపు మనోభావాలు దెబ్బతిన్నాయి. పాతబస్తీ రోడ్డెక్కింది. 23న అరెస్టయింది ఆయనే, సొంత పార్టీ సస్పెండు చేసిందీ ఆయన్నే.