ముందు మరుగుదొడ్డి, చివర ప్లాను

సొంత చేనులో ఇల్లు కట్టుకోవాలని ఉంటే ప్లాను గీయించకండి. ఇంకా కొన్నాళ్లు ఆ మాటే ఎత్తకండి. పల్నాడులో ఈ సలహా ఎవరికి చెప్పినా వింతగా చూస్తారు. ఇకముందు చెప్పబోయేవి కూడా చాలావరకు ఊళ్లో నడిచే పద్ధతికి తలకిందులుగానే ఉంటాయి. అయినా ఇలాగే చేయండని మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగం ముగించుకుని, తండ్రి పంచిచ్చిన ఎకరంలో ఇల్లు వేసుకుందామని వచ్చేవాళ్లు చేతిలో బొమ్మతోనే దిగుతారు. తూర్పు ఫేసింగు, డూప్లెక్సు, మూడు బెడ్‌రూములు, ముందు రెండు గుండ్రటి స్తంభాలు. అది రెండొందల గజాల ప్లాటు కోసం పుట్టిన ఇల్లు. నాలుగడుగుల్లో పక్కింటి గోడ నీడ ఇస్తుందన్న ధీమాతో గీసింది. చుట్టూ మిరపచేలు తప్ప ఏమీ లేని చోట దాన్ని దించితే నాలుగు గోడలకూ నాలుగు పక్కల నుంచీ ఎండే. రాష్ట్రంలో ఎండ ఎక్కువ ఎక్కడంటే మొదట వినిపించే పేరు రెంటచింతల. మీరు కట్టబోయేది ఆ సీమలో.

మొదట మరుగుదొడ్డి కట్టండి

దాన్ని ఆనుకుని ఒక రేకుల షెడ్డు. ఒక మంచం, ఒక పొయ్యి పట్టేంత చాలు. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం అందులో ఉండండి. వారం వారం వచ్చి రెండు రాత్రులు పడుకున్నా సరే. బంధువులు నవ్వితే నవ్వనివ్వండి. ఇల్లు పూర్తయ్యాక ఆ షెడ్డు ఎరువు బస్తాలకూ పనిముట్లకూ ఎలాగూ కావాలి.

మరుగుదొడ్డి ముందెందుకంటే, నల్లరేగడిలో ఇంకుడుగుంత సరిగా ఇంకదు. ఎండాకాలంలో తవ్వినప్పుడు గుంత పొడిగా, నిక్షేపంగా ఉంటుంది. ఆగస్టులో నాలుగు వానలు పడ్డాక చుట్టూ ఉన్న బంకమట్టి ఉబ్బి, నీటిని పట్టి ఉంచి, సెప్టిక్ ట్యాంకు నుంచి వచ్చే నీరు వెనక్కి తంతుంది. ఈ సంగతి షెడ్డులో ఉండగా తెలిస్తే ఆ నీటిని అరటి మడికో కొబ్బరి పాదులకో మళ్లించుకుంటారు. టైల్సు పరిచిన ఇంట్లో తెలిస్తే ఏం చేస్తారు? గుంత బోరుకు కనీసం యాభై అరవై అడుగుల దూరంలో ఉండాలి, వాలులో బోరుకు దిగువన ఉండాలి. వాలు ఎటుందో వాన పడితే గాని కళ్లకు కనబడదు.

కరెంటు కూడా అంతే. చేనులో మోటారుకు లైను ఉంది కదా, ఇంటికి అదే లాక్కుందామనుకుంటారు. ఆ లైను వ్యవసాయ ఫీడరుది. సరఫరా రోజుకు తొమ్మిది గంటలు. రాత్రి ఫ్యాను తిరగాలంటే ఊరి లైను నుంచి విడిగా స్తంభాలు వేయించుకోవాలి. ఊరికి ఎంత దూరం జరిగితే అన్ని స్తంభాలు, అంత ఖర్చు. చేను నడిబొడ్డున ఇల్లు వేద్దామన్న కోరిక చాలామందికి ఇక్కడే సర్దుకుంటుంది. అదీ మంచికే. రోడ్డు పక్క మూలన కట్టుకుంటే సాగుభూమి కలిసి ఉంటుంది, వానాకాలంలో ఇసుక లారీ దిగబడకుండా వస్తుంది.

దారి సంగతి కాగితం మీదా చూడండి, కాలితోనూ చూడండి. మీరు నడిచే డొంక సర్వే వాళ్ల ఎఫ్‌ఎంబీ పటంలో ఉందా, లేక పక్క రైతు మంచితనం మీద నడుస్తోందా? రేపు ఆయన కొడుకు కంచె వేస్తే? ఈసీ, అడంగల్, 1-బి, నిషేధిత జాబితా 22ఎ, ఇవన్నీ చూసుకోవాలని అందరికీ తెలుసు. అసైన్డు భూమి అయితే బదిలీలను నిషేధించే 1977 చట్టం ఉంది, ఆ భూమి జోలికి పోవద్దు. సాగుభూమిని ఇంటి స్థలంగా మార్చుకునే నిబంధనలు తరచూ మారుతుంటాయి. కట్టే ఏడాది పంచాయతీ కార్యదర్శి చెప్పిందే లెక్క, పోయినేడు కట్టినవాళ్లు చెప్పింది కాదు.

షెడ్డులో ఉన్నన్నాళ్లూ పక్క చేల పెద్దవాళ్లతో కూర్చోండి. "నాగులేరు పొంగిన ఏడాది నీళ్లు ఈ మూల నించే పోయినయ్ బాబూ, మళ్లీ వత్తే మళ్లీ ఇటే పోతయ్" అని ఒక ముసలాయన చెయ్యి చాపి చూపిస్తే ఆ గీత మీద గోడ పెట్టకండి. ఏ మ్యాపులోనూ ఆ గీత దొరకదు.

నేలను ఏప్రిల్ నెలాఖరులో చూడండి

స్థలం కొనేదైనా, ఉన్నదాంట్లో చోటు ఎంచుకునేదైనా పైరు పచ్చగా ఉన్నప్పుడు చూడొద్దు. ఎండ మండేటప్పుడు వెళ్లండి. నల్లరేగడి నెర్రెలిచ్చి ఉంటుంది. ఒక కందికంప విరిచి నెర్రెలోకి దించండి. మోచేతి లోతుకు ఆగుతుంది. ఇంకో నాలుగడుగులు జరిగి దించితే తొడ లోతు పోతుంది. చేత్తో అంచు మీద నొక్కితే పెళ్ల ఊడి లోపల పడుతుంది. వానలు పడగానే ఆ నేలంతా ఉబ్బి నెర్రెలు కనబడకుండా మూసుకుంటాయి. అంటే ఏటా ఒకసారి దిగి ఒకసారి లేచే నేల మీద మీరు ఇల్లు పెడుతున్నారు.

ఊళ్లో పదేళ్ల కిందటి ఇళ్లు చూడండి. కిటికీ పై మూల నుంచి ఏటవాలుగా పైకి పోయిన పగులు కనబడితే, ఎండాకాలం తెరుచుకుని వానాకాలం దగ్గరపడుతోందా అని ఇంటివాళ్లను అడగండి. అవునంటే అది గోడ తప్పు కాదు, పునాది తప్పు. పుట్టీతో పూడ్చినా, మళ్లీ రంగు వేసినా వచ్చే మే నెలకు తిరిగొస్తుంది.

"నాలుగడుగులు తీశామండీ, గట్టి తగిలింది" అంటాడు మేస్త్రీ. ఆయన అబద్ధం చెప్పడం లేదు. వేసవిలో నల్లరేగడి గునపానికి గట్టిగానే తగులుతుంది. కానీ తడి ఆరి తడిసే పొర అంతకన్నా లోతుకు, కొన్నిచోట్ల పది పన్నెండు అడుగుల దాకా ఉంటుంది. ఇలాంటి నేలల కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అండర్ రీమ్‌డ్ పైల్స్ పద్ధతిని తీర్చిదిద్దింది. సుమారు మూడున్నర మీటర్లు బోరు వేసి, అడుగున పైలు వెడల్పుకు రెండున్నర రెట్లు ఉబ్బుగా తొలిచి, ఊచలు దించి కాంక్రీటు పోస్తారు. కింద కదలని పొరలో ఆ ఉబ్బు గట్టిగా పట్టుకుంటుంది. పైన ప్లింతు బీము నేలకు ఆనకూడదు. కింద మూడంగుళాల ఖాళీ వదలాలి, మట్టి ఉబ్బితే ఉబ్బడానికి. మేస్త్రీ ఆ ఖాళీని మట్టితో కూరేస్తాడు, ఎందుకంటే ఖాళీ వదలడం ఆయన చేతికి అలవాటు లేని పని. బీము పోసే రోజు దగ్గరుండి చూసుకోండి. అరుగు ఎత్తుకు నింపేది గ్రావెల్ కావాలి, తవ్వి తీసిన నల్లమట్టి కాదు. ఇంటి చుట్టూ నాలుగడుగుల వెడల్పున వాలుగా కాంక్రీటు పరిస్తే వాననీరు పునాది దగ్గర నిలవదు.

ఈ పనంతా నేలలోకి పోతుంది, చూసేవాళ్లకు కనబడదు. గ్రానైటూ ఎలివేషనూ ఆపుకునైనా డబ్బు ఇక్కడ పెట్టండి. ఇంకొకటి. పునాదినీ పైకప్పునూ చదరపు అడుగు లెక్క కాంట్రాక్టుకు ఇవ్వకండి. దినకూలీకి చేయించండి. పని నెమ్మదిగా సాగుతుందని అందరూ వద్దంటారు. ఈ రెండూ నెమ్మదిగా సాగాల్సిన పనులే. మిగతా గోడలు, పూత ఎలా ఇచ్చినా ఫరవాలేదు.

చెట్లు ఇంటికన్నా ముందు నాటండి, కానీ ఇంటికి దూరంగా. పడమటి పక్క వేప, కానుగ. చెట్టు ఎంత ఎత్తు పెరుగుతుందో గోడకు అంత దూరం ఉంచాలి. బంకమట్టిలో వేళ్లు తడి లాగేస్తే అక్కడి నేల కుంగి, దానివైపు గోడ పగులుతుంది.

వాస్తు నమ్మకపోయినా సిద్ధాంతిని మొదటే పిలవండి

చదువుకున్నవాళ్లు ఇందుకు ఒప్పుకోరు. అయినా పిలవండి. మీరు నమ్మరు సరే, మీ అమ్మగారు? అత్తగారు? గోడలు లేచాక వాళ్లు ఆయన్ను తీసుకురావడం ఖాయం. అప్పుడు పగలగొట్టే గుమ్మం కన్నా ఇప్పుడు ముగ్గుపిండితో జరిపే గీత చవక. బోరు మాత్రం ముందే వేయించి ఆయనకు చూపించండి. ఈశాన్యంలో నీళ్లు పడకపోతే పడ్డ చోటే పడ్డట్టు. రాయి ఎక్కడ పగిలి ఉందో అక్కడే నీరు. అది ఖాయమయ్యాక మిగతా గదులు ఆయనా మీరూ కలిసి సర్దుకోవచ్చు.

ఆ బోరు నీళ్లు తాగేముందు పరీక్షకు పంపండి. పల్నాడులో ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లు ఉన్నాయి. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావు. వెయ్యి చదరపు అడుగుల పైకప్పు మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే తొమ్మిది వందల లీటర్లకు పైగా నీరు. నలుగురికి తాగడానికీ వంటకూ రోజుకు ఇరవై లీటర్లు వేసుకున్నా ఏడాదికి ఏడువేల మూడొందలు. పదివేల లీటర్ల మూత సంపు ఒకటి కడితే, తొలి వానలు వదిలేసి తర్వాతి నీళ్లు వడగట్టి నింపుకుంటే సరిపోతుంది. సోఫా సెట్టు కన్నా ముందు ఈ సంపుకు డబ్బు తీసిపెట్టండి.

పైకప్పుకు ఖర్చు పెట్టండి, గదులు తగ్గించండి

మే మొదటి వారంలోనూ ఆగస్టు మొదటి వారంలోనూ మనకు మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఎండాకాలమంతా దాదాపు అదే వరస. ఇల్లు కాగేది ముందు పైకప్పు నుంచి, తర్వాత పడమటి గోడ నుంచి. ఇల్లు తూర్పు పడమరలకు పొడుగ్గా ఉంచి, పడమర చివరన మెట్లు, స్నానాల గది, సామాన్ల గది పెట్టండి. అక్కడ కిటికీ వద్దు. స్లాబు మీద మట్టి కుండలు బోర్లించి, సందుల్లో సున్నం కాంక్రీటు నింపే పద్ధతి ఒకటుంది. ఆర్కిటెక్టు లారీ బేకర్ కేరళలో స్లాబు లోపలే మంగుళూరు పెంకులు పెట్టి కాంక్రీటు తగ్గించారు. ఇటుకలను నిలబెట్టి మధ్య గాలి ఖాళీ వదిలే ర్యాట్‌ట్రాప్ గోడ కూడా ఆయన ప్రచారం చేసిందే, ఇటుకలో దాదాపు పావు వంతు మిగులుతుంది. ఏదీ కుదరకపోతే ఏటా మార్చిలో డాబాకు తెల్ల సున్నం కొట్టండి. పిడుగురాళ్ల బట్టీలు పక్కనే ఉన్న జిల్లాలో సున్నానికి కరువేముంది? నేలకు మాచర్ల నాపరాళ్లు వేయండి. పాలిష్ పెట్టనివే వేయండి. తడి కాలు జారదు, కూర్చుంటే చల్లగా ఉంటుంది.

గదులు రెండు చాలు. పిల్లలు అమెరికా నుంచి వస్తారని నాలుగు బెడ్‌రూములు కట్టి, పదకొండు నెలలు తాళం వేసి, వాటి దుమ్ము దులపడానికే మనిషిని పెట్టుకుంటున్నారు. ఆ డబ్బుతో ఉత్తరాన పదడుగుల వెడల్పు వసారా వేయండి. సంక్రాంతికి వచ్చినవాళ్లు అక్కడే నవారు మంచాలు వాల్చుకుంటారు, పగలంతా మీరూ అక్కడే ఉంటారు. స్నానాల గది తలుపు మాత్రం మూడడుగులు పెట్టించండి. మామూలుగా పెట్టే రెండున్నర అడుగుల తలుపులో చక్రాల కుర్చీ ఇరుక్కుంటుంది. మీరు ఆ ఇంట్లో ముసలివాళ్లయ్యేదాకా ఉండబోతున్నారు, గడప కూడా వద్దు.

ఈ లెక్కలన్నీ చేతికొచ్చాక ఆర్కిటెక్టు దగ్గరికి వెళ్లండి. బోరు ఎక్కడ, వాలు ఎటు, నీళ్లు పోయే గీత ఏది, కరెంటు ఏ పక్క నుంచి వస్తుంది, మధ్యాహ్నం నాలుగింటికి నీడ ఎక్కడ పడుతుంది, ఇవి రాసిన కాగితం ఇస్తే చాలు. ఫోనులో దాచుకున్న ఫొటోలు చూపించకండి.

పై అంతస్తు కోసమని డాబా మీద స్తంభాల ఊచలు మొలిపించి వదలొద్దు. ఊరంతా అలాగే వదులుతుంది. ఆ ఊచలు వానకు తుప్పుపట్టి, తుప్పు కాంక్రీటు లోపలికి దిగి, స్తంభం తల పగులుతుంది. పైన కట్టాలనుకున్న నాటికి అవి అక్కరకు రావు. నిజంగా ఐదారేళ్లలో కట్టే ఉద్దేశం ఉంటే ఊచలకు సిమెంటు పాలు పూసి, చుట్టూ పలచటి కాంక్రీటు దిమ్మ పోయించండి. లేదంటే స్లాబు పోసిన నెలలోనే కోయించి, మొదళ్లు కప్పేసి, వాలు సరిచేయించండి.