బొమ్మలో జాగా లేదు!

తెలంగాణ కోసం 2011 సకల జనుల సమ్మె. 42 రోజులు. నడిరోడ్డే వంటిల్లు, నడిరోడ్డే కబడ్డీ కోర్టు, బతుకమ్మలూ అక్కడే. వంటావార్పులో నేనూ ఉన్నా. పోరాటంలో నా వాటా బస్తాడు ఉల్లిగడ్డలు కోయడం. కన్నీళ్లు మాత్రం అసలైనవే.

మొన్న ఓ పెద్దమనిషి ఇంటికెళితే, ఆ వంటావార్పే గోడంత పెయింటింగై వేలాడుతోంది. డప్పు, గులాబీ కండువాలు, పొయ్యి మీద గుండిగ... పొగ కూడా ముద్దొచ్చేలా ఉంది. ముందువరసలో పిడికిలెత్తి ఇంటాయన! ఆవేళ దారివ్వమని కారులోంచి హారన్ మోగిస్తుంటే, దించి విస్తరాకులో ఇంత ఖిచిడీ పెట్టింది మేమే.

"మరి ఉల్లిగడ్డలు కోసినోళ్లేరీ?" అన్నా.

"ఫ్రేములో పట్టలేదన్నా!"