హ్యూగో కొట్టడం ఎలా?

ముందు మంచి నవల రాయాలన్న భ్రమ వదిలించుకోండి. 1953లో మొదలైన ఈ సైన్స్ ఫిక్షన్ బహుమతికి జడ్జీలు లేరు. ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సభకు ఆ ఏడాది రుసుము కట్టినవాళ్లంతా ఓటర్లే. పుస్తకం చదివావా అని అడిగే నాథుడు లేడు. బహుమతిగా ఇచ్చే రాకెట్ బొమ్మ ఇంటికి రావాలంటే పాఠకులు అక్కర్లేదు, రుసుము కట్టే చుట్టాలుంటే చాలు.

అయితే జనాన్ని దించేముందు ఒక సంగతి చూసుకోండి. బ్యాలెట్‌లో ‘ఎవరికీ ఇవ్వొద్దు’ అనే గడి ఒకటుంటుంది. మన నోటా లాంటిదే గానీ, నోటాకు లేని పళ్లు దీనికున్నాయి. 1987లో సైంటాలజీ మతం పెట్టిన రాన్ హబ్బర్డ్ నవల ‘బ్లాక్ జెనెసిస్’ తుది జాబితాకెక్కింది. ఇదంతా భక్తబృందం చలవేనని అప్పట్లో చాలామంది అనుకున్నారు. చివరికి ఆ నవల ఈ గడికి కూడా కింద, అట్టడుగున తేలింది.

2015 నాటి పద్ధతి ఇంకాస్త మెరుగు. తుది జాబితాకు పేర్లు పంపేటప్పుడు మామూలు పాఠకులు తలో పేరూ రాసి ఓట్లు చీల్చుకుంటారు. మీ మందకు మాత్రం ఒకటే చీటీ ఇవ్వండి. ‘శాడ్ పప్పీస్’, ‘రాబిడ్ పప్పీస్’ అనే రెండు గుంపులు ఇలాగే కొన్ని విభాగాలను పూర్తిగా మింగేశాయి. ఓటర్లకు ఒళ్లు మండి ఐదు విభాగాల్లో బహుమతే లేకుండా చేశారు. ఇందులో మనకో పాఠం ఉంది: సిగ్గున్న రచయితను జాబితాలో చేర్చకండి. నవలల విభాగంలో ఒకాయన నాకొద్దని తప్పుకున్నాడు. ఆ ఖాళీలో దూరిన చైనా నవల ‘త్రీ బాడీ ప్రాబ్లమ్’ బహుమతి ఎగరేసుకుపోయింది!

ఇక దొంగ ఓట్లు. పేర్లు పెట్టడానికి మాత్రం బద్ధకించకండి. 2024లో గ్లాస్గో సభలో పడిన 3,813 ఓట్లలో 377 తీసి అవతల పారేశారు. కొందరు ఓటర్ల ఇంటిపేరు ఒకటే, దాని మొదటి అక్షరం మాత్రం ఏ, బీ, సీ, డీ అంటూ వరుసగా మారుతూ పోయింది. ఇంకొందరి పేర్లయితే అచ్చంగా అంకెలే. మన దగ్గరైతే ఒకటయ్య, రెండయ్య, మూడయ్య క్యూ కట్టినట్టన్నమాట. లెక్కపెట్టేవాడు ఎంత నిద్రమత్తులో ఉన్నా నాలుగయ్య దగ్గరికొచ్చేసరికి కళ్లు నులుముకోడా? ఆ ఓట్లు ఎవరి కోసం పడ్డాయో ఆ మనిషికి ఈ భాగోతం తెలుసనడానికి ఆధారం దొరకలేదు, అందుకని పోటీలోంచి తీసేయలేదు, పేరూ బయటపెట్టలేదు. అభిమానులు చెప్పాపెట్టకుండా చేసే సేవ ఇంత పని చేస్తుంది.

ఓటర్లతో ఇంత తంటా ఎందుకనుకుంటే, లెక్కపెట్టే కుర్చీలోకే వెళ్లి కూర్చోండి. 2023లో చెంగ్డూ సభలో ఆర్. ఎఫ్. క్వాంగ్ నవల ‘బేబెల్’కు చాలినన్ని నామినేషన్లు పడ్డాయి. ‘అనర్హం’ అని ఒక్క మాట రాసి పక్కన పెట్టేశారు, ఎందుకో చెప్పలేదు. బహుమతులిచ్చింది అక్టోబరులో. లెక్కలు బయటికొచ్చి ఈ సంగతి తెలిసింది జనవరిలో. అప్పటికి రాకెట్ బొమ్మలు ఎవరి షోకేసులో వాళ్లు సర్దేసుకున్నారు.