ఫోర్ బై ఫోర్ వనవాసం

ఇరవై లక్షలు పోసి బండి కొన్నవాడికి రోడ్డున్న ఊరు నచ్చదు. రోడ్డు మీద ఆటో పోతుంది, పాలవాడి మోపెడూ పోతుంది. ఇక ఈ బండి గొప్పేముంది? అందుకని శుక్రవారం సాయంత్రం గచ్చిబౌలిలో ల్యాప్‌టాప్ మూసేసి, శనివారం తెల్లారేసరికి రోడ్డు అయిపోయిన చోటు ఎక్కడుందో వెతుక్కుని చేరుకోవాలి. దిగి, ఒళ్లు విరుచుకుని, "అబ్బ, ఇదిరా లైఫంటే!" అనాలి. ఆ మాట అనకపోతే ఆ నెల ఈఎంఐ దండగ.

బండి అలంకారం చూడండి ముందు. బంపరుకి వించి, దిగబడితే బండిని లాగే తీగచుట్ట. పైన మడత విప్పే టెంటు. వెనక జెర్రీ క్యాను, పక్కన పార, ఇసుకలో దిగబడితే టైరు కింద తోసే నారింజ రంగు పలకలు. పార పిడికి దుకాణంవాడు చుట్టిన ప్లాస్టిక్ కవరు ఇంకా ఊడలేదు. స్నార్కెల్ అని ఒక గొట్టం ఉంటుంది, లోతు నీళ్లలో ఇంజన్ పైనుంచి గాలి పీల్చుకోవడానికి. అది ఇంతవరకూ చూసిన నీళ్లు సెల్లార్‌లో వాచ్‌మన్ బండి కడిగే బకెట్లోవే. ముందువైపు ఇనప గార్డు సరేసరి. ఢీకొంటే పాదచారులకు ప్రమాదమని 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ వాటిని వద్దంది. "మరి అడవిలో పులి ఎదురైతే?" అంటాడు మనవాడు. పులి బంపరుతో కుస్తీకి రాదని చెప్పినా నమ్మడు.

2023 జనవరిలో వెనక చక్రాలతో మాత్రమే నడిచే మహీంద్రా థార్ కూడా వచ్చింది. రూపం అదే, దర్జా అదే, ధర తక్కువ. ఎన్ని చక్రాలకు బలం అందుతోందో వంగి చూసేదెవరు? ఈ వ్యాపారంలో నాకు నచ్చిన నిజాయితీ అదొక్కటే. మాల్ పార్కింగులో ర్యాంపు ఎక్కడానికి నాలుగు చక్రాల శక్తి అక్కర్లేదని కంపెనీ గ్రహించింది.

యంత్రంతో నాకు పేచీ లేదు. 650 మిల్లీమీటర్ల లోతు నీళ్లు దాటుతుందని కంపెనీ చెప్పుకునే బండి అది. వానాకాలంలో కృష్ణానగర్‌లో కాపురముండేవాళ్లకి అలాంటిది విలాసం కాదు, నిత్యావసరం. వంశం కూడా గట్టిదే. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుల్ని మోసిన విల్లీస్ జీపు దీని తాత. పేచీ అల్లా స్టీరింగు వెనక కూర్చున్న మనవడితో.

గేరు పక్కన ఇంకో చిన్న లీవరు ఉంటుంది. దాన్ని లో రేంజ్‌లో పెడితే బండి మనిషి నడకంత నెమ్మదిగా, రెట్టింపుకు పైగా బలంతో కదులుతుంది. చక్రం జారకుండా, నేల చీలకుండా, రాయి తర్వాత రాయి ఆచితూచి ఎక్కడానికి పెట్టిన ఏర్పాటు అది. పని తెలిసినవాడు టైర్లలో గాలి కొంత తీసేస్తాడు. టైరు వెడల్పుగా పరుచుకుంటుంది, బరువు సర్దుకుంటుంది, మట్టి బతికిపోతుంది. అంటే ఈ విద్యంతా నిదానంలోనే ఉంది. మనవాడు లో రేంజ్ వేసి ఆక్సిలరేటరు మీద నిలబడతాడు. "తొక్కు మామా, తొక్కు!" అని బయటనుంచి బావమరిది ఫోను పట్టుకుని అరుస్తుంటాడు. కెమెరాకి కావలసింది ముందుకు పోవడం కాదు, బురద. చక్రం ఉన్నచోటే గిర్రున తిరగాలి, బురద బానెట్ దాటి ఎగరాలి, వెనక కేజీఎఫ్ సంగీతం మోగాలి. ఆ చక్రం తవ్విన గాడిలో మొదటి వానకి నీళ్లు పారతాయి, రెండో వానకి అది కాలువవుతుంది, ఆ తర్వాత పైమట్టి ఎటు పోయిందో వాగుకి తెలుసు. అదే వాగుకి అడ్డంగా బండిని నాలుగుసార్లు అటూ ఇటూ నడిపిస్తారు, మొదటి మూడుసార్లూ డ్రోన్ సరిగ్గా పట్టలేదని. దిగువన బిందెలు పట్టుకుని నిలబడ్డవాళ్లు డ్రోన్‌లో ఎటూ పడరు.

ఇక రాత్రి విడిది. ప్రశాంతత కోసం వచ్చారు గనక బ్లూటూత్ స్పీకరు తెచ్చారు. చుక్కలు చూడాలి గనక టాపు మీద ఎల్‌ఈడీ బారు వెలిగించారు. ఆ వెలుగులో చుక్కలు సరే, పక్కన మనిషి కూడా కనపడడు. మారేడుమిల్లిలో కొన్న బొంగులో చికెన్ చల్లారిపోయింది గనక నెగడు వేశారు. నల్లమల లాంటి ఆకురాల్చే అడవిలో ఫిబ్రవరి నుంచి నేలంతా ఎండుటాకే. నిప్పురవ్వకి ఆహ్వానపత్రిక అక్కర్లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 27వ సెక్షన్ అభయారణ్యంలోకి ఎవరు రావచ్చో చెబుతుంది, 30వ సెక్షన్ అడవికి ముప్పు తెచ్చేలా నిప్పు రాజేయకూడదంటుంది. వీళ్లు చదివిన సెక్షన్ 80సీ ఒక్కటే.

మన్ననూరు చెక్‌పోస్టుకి వెళ్లి చూడండి, తమాషా అక్కడుంటుంది. అమ్రాబాద్ పులుల అడవి గుండా పోయే శ్రీశైలం రోడ్డుకి రాత్రి 9 గంటలకు గేటు దించుతారు, తెల్లవారి 6కి ఎత్తుతారు. ఆ తొమ్మిది గంటలూ రోడ్డు జంతువులది. 9:20కి మనవాడు దిగుతాడు. "అన్నా, ఎమ్మెల్యేగారి పీఏ లైన్లో ఉన్నాడు, ఒక్క నిమిషం మాట్లాడు" అని ఫోను గార్డు చెవిలో పెట్టబోతాడు. గార్డుకి ఒక టార్చి, ఒక కర్ర. అయినా గేటు ఎత్తడు. అంతే, మర్నాటికల్లా ఫోర్ బై ఫోర్ లోకం మొత్తానికి 'సిస్టమ్ బాగోలేదు' అని తెలిసిపోతుంది.

సిస్టమ్ సంగతి వచ్చింది గనక కాస్త వెనక్కి పోదాం. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. పోడు కొట్టుకుని బతికేవాళ్లు ఒక్క సంతకంతో తమ అడవిలో తామే దొంగలయ్యారు. ఆ మీదట గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి పైకి ఘాట్ రోడ్డు వేయిస్తూ మన్యం జనం చేత అరకొర కూలికి రాళ్లు మోయించాడు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దండు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద వరసగా పడి తుపాకులు పట్టుకుపోవడం వెనకున్న మంటల్లో ఆ రోడ్డుపని ఒకటి. ఇవాళ అదే ఘాట్‌లో లంబసింగి మంచు చూడటానికి శనివారం తెల్లవారుజామున బళ్ల బారు. మలుపులో ఆగి సెల్ఫీ తీసుకుంటూ "ఏం రోడ్డురా బాబూ, ఎవడు వేశాడో గానీ!" అని మెచ్చుకుంటారు.

రోడ్డు పడనిచోట ఏం జరుగుతోందో పాడేరు ఏజెన్సీలో ఏ పత్రికా విలేఖరిని అడిగినా చెబుతాడు. నొప్పులొచ్చిన మనిషిని డోలీలో కట్టి, కర్ర భుజానెత్తుకుని, గుట్ట దిగి, గెడ్డ దాటి, అంబులెన్సు ఆగిన చోటిదాకా నడుస్తారు. ఆ వార్త ఎన్నిసార్లు అచ్చయిందంటే, సబ్ ఎడిటర్లు ఇక శీర్షిక కోసం ఆలోచించరు, పాతదే దించేస్తారు. ఆ గూడేనికి రోడ్డు వేయకూడదా అంటే వేయొచ్చు. 2006 అటవీ హక్కుల చట్టమే దారి చూపింది: గ్రామసభ తీర్మానం చేయాలి, తీసుకునే నేల ఒక హెక్టారు లోపుండాలి, హెక్టారుకి 75కి మించి చెట్లు పోకూడదు. తీర్మానం కింద నుంచి పైకి, పై నుంచి కొర్రీ కిందికి. చెట్లు లెక్కపెట్టినవాడు బదిలీ అయితే మళ్లీ లెక్క. నల్లమలలో అయితే పులులకు ఇబ్బందని చెంచుల గూడేల్ని, అంటే పెంటల్ని, బయటికి రమ్మంటూనే ఉన్నారు. తేనె తీసేవాడి అడుగుల చప్పుడు పులికి పడదట. మడ్ టైర్ల మోత పడుతుంది కాబోలు, దానికి గ్రామసభ అడగరు, హెక్టారు అడగరు, ఫుల్ ట్యాంకు ఉంటే చాలు.

ఇలా రోడ్డు లేకపోవడం అటు గూడేనికి శాపం, ఇటు గేటెడ్ కమ్యూనిటీకి వారాంతపు ప్యాకేజీ. ఆ గూడేనికి తారురోడ్డు పడిన నాడు అందరికంటే ముందు గోలపెట్టేవాడు ఈ అడవి ప్రేమికుడే, "ఛ, ఆ స్పాట్ పాడుచేశార్రా" అని.

ఇక గుడిస కొండ దారిలో దిగబడటం చూడాలి. అది ఖాయం, ముహూర్తం పెట్టుకుని మరీ జరుగుతుంది. వించి ఉంది గానీ తీగ ఏ చెట్టుకి కట్టాలో ఎవరికీ తెలియదు. యూట్యూబులో చూద్దామంటే ఫోను పలకదు. గంట తర్వాత కింద నుంచి ఒక పాత జీపు మూలుగుతూ వస్తుంది. సంతరోజు. లోపల, పైన, వెనక నిచ్చెన మీద కలిపి ఎంతమంది ఉన్నారో రవాణా శాఖకి తెలియకపోవడం మంచిది. అరిగిన టైర్లు, సగం పగిలిన లైటు, స్నార్కెల్ ఊసే లేదు. డ్రైవరు దిగి, లుంగీ ఎగ్గట్టి, ఒకసారి చుట్టూ తిరిగి చూస్తాడు. "నిదానంగా ఎక్కాల్సింది బాబూ, రేసు ఇచ్చారు" అంటాడు. తాడు తీస్తాడు. ఆడవాళ్లు గంపలు దించి వెనక నుంచి తోస్తారు. రెండు ఊపుల్లో ఇరవై లక్షలూ గట్టెక్కుతాయి.

"ఎంత ఇమ్మంటావ్ పెద్దాయనా?"

"వెయ్యి ఇయ్యండి బాబూ."

"తాడు కట్టి లాగినందుకు వెయ్యా? ఐదొందలు ఫోన్‌పే చేస్తాలే."

"సిగ్నల్ లేదు బాబూ."

"సిగ్నల్ లేదనే కదయ్యా ఇంత దూరం వచ్చాం!"

బేరం ఏడొందలకి తెగింది. సోమవారం వచ్చిన రీలులో బండి బురదలోంచి గర్జిస్తూ తనంతట తానే లేచి వచ్చింది. కింద 'సెల్ఫ్ రికవరీ' అని రాశారు. తాడు లేదు, జీపు లేదు, లుంగీ లేదు. చేతులకంటిన బురద తుడుచుకుంటున్న సంత ఆడవాళ్లు మాత్రం రెండు సెకన్లు కనిపించారు, 'లోకల్ వైబ్స్' అన్న అక్షరాల వెనక.