లెక్కలోకి రానివి

కొనగలిగినవన్నీ కొనేశాక వాటిని వదిలేయడం ఇప్పుడు కొత్త గొప్ప. డజను హెడ్‌ఫోన్లున్న మనిషి ఇక రెండే ఉంచుకుంటానని ప్రకటిస్తే, బుద్ధుడు రాజ్యం వదిలాడన్నంత గంభీరంగా చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపుతున్నారు. అలాంటి త్యాగి ఒకడు బెంగళూరు నుంచి మార్కాపురం వచ్చి, మేనమామ మైక్ సెట్టు కొట్లో కూర్చున్నాడు.

అల్లుడు: మామా, తేల్చేసుకున్నా. ఇక జీవితానికి ఒక్క హెడ్‌ఫోనే. మహా అయితే రెండు.

మామ: మంచిదేరా. ఇప్పుడెన్నున్నయ్?

అల్లుడు: పదకొండు.

మామ: చెవులు?

అల్లుడు: వెక్కిరించమాక. ఇంట్లో వినడానికి, వెనక జాలీ ఉండేది ఒకటి. సెన్‌హైజర్ హెచ్‌డీ 600. 1997లో వచ్చింది, ఇప్పటికీ దాని పేరు చెబితే దణ్ణం పెడతారు. బయట తిరగడానికి, చుట్టూ ఉన్న మోతను మింగేసేది ఇంకోటి. రెండంటే రెండు.

మామ: మరి ఆ మెళ్ళో వేలాడేది ఏందిరా?

అల్లుడు: ఇది ఆఫీసు కాల్స్‌కి. లెక్కలోకి రాదు.

మామ: జేబులో ఆ డబ్బీ?

అల్లుడు: ఇయర్‌బడ్స్. తలమీద పెట్టుకునేవి కావుగా, లెక్కలోకి రావు.

మామ: సంచిలో ఆ గుడ్డపట్టీ?

అల్లుడు: పడుకునేటప్పుడు పెట్టుకునేది. నిద్రలో వినేది వినడం కాదు కాబట్టి...

మామ: లెక్కలోకి రాదు. ఈ ఇనప డబ్బా?

అల్లుడు: యాంప్లిఫయర్ మామా. హెచ్‌డీ 600 అంటే మూడొందల ఓములు. ఫోను దాన్ని మోయలేదు. యాంప్లిఫయర్‌కి ముందు డాక్ ఉండాలి. ఫోన్లో పాట అంకెల రూపంలో ఉంటుంది, దాన్ని అనలాగ్ సిగ్నల్‌గా మార్చేది అదే.

మామ: మరి ఇన్నాళ్ళూ నా ఫోన్లో పాటలెట్టా వినపడ్డాయిరా?

అల్లుడు: ఫోన్లోనూ చిన్న డాక్ ఉంటుందిలే. కానీ అది...

మామ: అర్థమైంది, లెక్కలోకి రాదు. ఒరేయ్, దేశమంతటికీ బడిపలకలు పంపిన ఊరు మనది. తెలుగుకో పలక, ఎక్కాలకో పలక, పడుకుని రాసుకోడానికో పలక అని అమ్మొచ్చని మన వ్యాపారులకు తట్టలా. తట్టుంటే ఫ్యాక్టరీలు మూతపడేవి కాదు.

అల్లుడు: నువ్వు వినలేదు కాబట్టి అట్టా అంటున్నావ్. నిన్న రాత్రి ‘మాయాబజార్’ పాటలు విన్నా. ఏం సౌండ్‌స్టేజ్ మామా! వయొలిన్లు ఎడమ పక్క, వేణువు కుడి పక్క, మధ్యలో ఘంటసాల నిలబడి పాడుతున్నాడు.

మామ: ఎడమెక్కడిది, కుడెక్కడిది? ఆ సినిమా 1957ది. అప్పటి పాటలు మోనో. నీ రెండు చెవుల్లోకీ వచ్చేది ఒకటే శబ్దం. వయొలిన్లను ఎడమ పక్కన కూర్చోబెట్టింది నువ్వు కట్టిన బిల్లు.

అల్లుడు: సరే, మోనోనే. కానీ నా మోత మింగేదానిమీద చూడు, హై-రెస్ ముద్ర. నలభై వేల హెర్ట్జ్ దాకా పలుకుతుంది.

మామ: మనిషి చెవికి ఇరవై వేలు దాటితే వినపడదు. వయసు మీదపడేకొద్దీ అదీ తగ్గిపోద్ది. ఆ పైన పలికేది వినాలంటే కుక్క కావాల. అదిగో, వీధి చివర పడుకోనుంది. దాని తలకు పెట్టి, ఎట్టుందో కనుక్కో.

అల్లుడు: నీతో మాట్లాడటం దండగ. అయినా కొన్న వెంటనే ఏదీ సరిగా పలకదు మామా. బీరువాలో పెట్టి రెండొందల గంటలు మోగించాలి. అప్పుడు గొంతు విప్పుద్ది.

మామ: బీరువాలో ఎవరు వింటారు?

అల్లుడు: ఎవరూ వినరు. అది నానాలంతే.

మామ: నేను చెన్నకేశవస్వామి తిరునాళ్ళకు హారన్లు కట్టినోణ్ణి. కట్టిన నిమిషానికే ఊరంతా వినపడాల. ‘రెండొందల గంటలు ఆగండి, గొంతు విప్పుద్ది’ అంటే పూజారి నా గొంతు పట్టుకుంటాడు. రెండొందల గంటలకు మారేది హెడ్‌ఫోన్ కాదు, నీ చెవి. ఇదే బాగుందని దానికి అలవాటు పడుద్ది. అసలు చూసుకోవాల్సింది వేరే ఉంది. వారానికి నలభై గంటలు వినాలంటే ఎనభై డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తొంభైకి పెంచితే వారం మొత్తానికి నాలుగు గంటలే. హెడ్‌ఫోన్‌కైతే మెత్తలు మార్చొచ్చు, తీగ మార్చొచ్చు. చెవికి స్పేరు పార్టులు దొరకవు. కాబట్టి ఓరి నాయనా, మనిషైనవాడు...

అల్లుడు: మామా, ప్రవచనం అయిందా?

మామ: అయింది. ఆ మోత మింగేదాని సంగతి చెప్పు.

అల్లుడు: అద్భుతం! ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ గాజులపల్లి దాటి నల్లమలలోకి వచ్చాక, దిగువమెట్ట దాకా అసలు రైలు చప్పుడే లేదు.

మామ: గిద్దలూరు వచ్చిందీ తెలియలా, కంభం వచ్చిందీ తెలియలా. మార్కాపురం రోడ్డు స్టేషన్లో దిగాల్సినోడివి దొనకొండలో దిగావు. నేను బండేసుకుని రావాల్సొచ్చింది.

అల్లుడు: అది... లెక్కలోకి రాదు. అయినా ఇంజను మోత లాంటి ఒకే తీరు శబ్దాన్నే అది బాగా మింగుతుంది. మనుషుల మాటల్ని పూర్తిగా మింగలేదు.

మామ: అయితే మన జిల్లాకు పనికిరాదు. ఇక్కడ మింగాల్సినవన్నీ మాటలే. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు. నల్లమల కింద రెండు సొరంగాలు, ఒక్కోటి పద్దెనిమిది కిలోమీటర్ల పైన. 2024 మార్చిలో జాతికి అంకితం కూడా చేశారు. జెండాలు, పూలు, ఉపన్యాసాలు, అన్నీ అయినయ్.

అల్లుడు: నీళ్ళు?

మామ: ఆ రోజు అవి లెక్కలోకి రాలా. ప్రాజెక్టు కూడా నీ హెడ్‌ఫోన్ల కంపెనీవాళ్ళదేనేమోరా. బీరువాలో పెట్టి నానబెడుతున్నారు. గొంతు విప్పుద్దిలే, ఇంకో రెండొందల...

అల్లుడు: గంటలా?

మామ: గంటలని నేనన్లా.

(లోపలి నుంచి అత్తయ్య అరిచింది: “ఇందాక ట్యాంకరొచ్చి పోయిందంట! కొట్లో కూర్చున్న ఇద్దరికీ వినపళ్ళేదా?”)

అల్లుడు: నేను హెడ్‌ఫోన్ పెట్టుకోలేదు మామా! మెళ్ళోనే ఉంది. నువ్వే ప్రవచనం చెబుతున్నావ్.

మామ: సరేలే, ట్యాంకర్ పక్క వీధిలో ఉంటుంది. బిందెలు ఆరు. రెండు ఉంచుకుని మిగతావి వదిలేస్తానంటే కుదరదు. ఇక్కడ అన్నీ లెక్కలోకి వస్తాయి. లే.