భుజం

నాగరగెరెలో పాత మట్టిమిద్దె పడగొట్టే ముందు సామాను బయట పెడుతుంటే, దేవుని గూటి పక్కనుంచి రవివర్మ శకుంతల పటం దిగింది. 1894లో ఆయన బొంబాయిలో పెట్టిన అచ్చుకూటం పుణ్యాన, రాజుల కొలువుల్లోని బొమ్మలు ఇట్లాంటి ఇళ్లకూ చేరినాయి. గౌరిబిదనూరు నుంచి వచ్చిన డ్రాయింగ్ మేష్టారు దాన్ని ఇంటి ముందరి జగిలి మీద ఆనించి, పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకున్నారు.

"కాలెత్తింది, ముల్లు తీసుకుంటున్నట్టు. చూపు మాత్రం ముల్లు మీద లేదు. వెనక దుష్యంతుడున్నాడు. కాళిదాసు నాటకంలో దర్భముల్లు ఒక సాకు. ఆ సాకునంతా రవివర్మ ఒక్క మెడ మలుపులో పెట్టినాడు. ఇదే శృంగారం!"

చక్కగా చెప్పారు. నాకైతే ఆ మెడ కంటే చెయ్యి గొప్పది. ఒంటికాలి మీద నిలబడ్డ పిల్ల బరువంతా చెలికత్తె భుజమ్మీద ఉంది. ఆ భుజం తప్పుకుంటే శకుంతల నిలవదు, ఆ చూపూ నిలవదు. దుష్యంతుడు పటంలో లేనే లేడు. పక్కన ఉన్నది చెలికత్తెలే. ప్రేమను చూపించడానికి రవివర్మ స్నేహాన్ని నమ్ముకున్నాడు.

పటాల్లోని దేవతలకు, నాయికలకు చమ్కీలు అతికించడం మన ఆడవాళ్ల పాత ముచ్చట. ఈ పటంలో శకుంతల చీర బోసిగా ఉంది. చమ్కీలన్నీ భుజమిచ్చిన పిల్ల చీరకే.

"అవ్వా, చమ్కీలు ఎవరు అంటించినారు? శకుంతలకు కదా పెట్టాల్సింది!" అన్నారు మేష్టారు, ఆ ఇంటి అవ్వతో.

"నేనే సార్. శకుంతల ఎవరో నాకేం తెలుసు? ఈ పిల్ల అచ్చం నా జతగత్తె మాదిరే ఉంటుంది. చెనక్కాయ చేన్లో ఇద్దరమూ జతగానే కలుపు తీసేవాళ్లం. ముల్లు గుచ్చుకుంటే నేను పట్టుకునేది దాని బుజమే."

"ఆమె ఈ పటం చూసి మురిసిపోయి ఉంటుందే!"

అవ్వ చమ్కీల మీది దుమ్ము కొంగుతో తుడిచింది.

"యాడ చూస్తుంది సార్? దాన్ని మా అత్త ఈ జగిలి గూడా ఎక్కనిచ్చింది కాదు. పటానికైతే దినామూ పూలు పెట్టేది."